తగినంత వాహనము

మనుష్యుడు కొనెడి వస్తువులలో కొన్ని అతని అవసరమును చెప్పును, కొన్ని అతని హోదాను చెప్పును. అతడు తన తీరికను ఎట్లు గడపదలచినాడో చెప్పెడి వస్తువులు మాత్రము మిక్కిలి తక్కువ. నడివయస్సు దాటినవాడు తనకొరకు కొనుక్కొనెడి సైకిలు ఆ తక్కువవానిలో ఒకటి. పనిమీద పోవుటకు అతనికి బస్సో, స్కూటరో, కారో ఉన్నది. పందెములలో పరుగెత్తవలెనను కోరిక లేదు. కొండ లెక్కవలెనను పంతమును లేదు. ఎండ ముదరకమునుపే ఊరిచివరి చెరువుగట్టుదాక పోయి, అక్కడి చల్లగాలి కొంత పీల్చుకొని, వచ్చుదారిలో నాలుగు కూరలు కొనుక్కొని, ఒడలు నొవ్వకుండ ఇల్లు చేరవలెననుటయే అతని కోరిక. ఈ కోరిక చిన్నదే; కాని దీనికి తగిన వాహనమును, చేతనున్న కొద్దిపాటి పైకముతో, ఎంచుకొనుట చిన్న పని గాదు; ఏలయన, తనకెంత కావలెనో ఎరిగినవానికే ఆ ఎంపిక చేతనగును. సుఖమనునది వెల పెంచి అదనముగా కొనుక్కొనదగిన గుణమని అంగళ్ళవారు మనలను నమ్మించుచున్నారు. అది దేహమునకును, దారికిని, వాహనమునకును కుదిరిన పొత్తు అని నా దృఢవిశ్వాసము.

మన తాతతండ్రుల కాలమున సైకిలునకును తీరికకును సంబంధము లేకుండెను. పోస్టుమానునకు, పాలవానికి, బడిపంతులుకు, బట్టలమూట కట్టుకొని ఊరూర తిరిగి అమ్ముకొనువానికి అది బ్రతుకుతెరువు. వాచీతోపాటు సైకిలును అల్లుళ్ళు అత్తవారిని అడిగి తెచ్చుకొన్న దినము లుండెను. పురపాలక సంఘమునకు ఏటేట పన్ను కట్టి, వారిచ్చిన బిళ్ళను బండికి తగిలించుకొనవలసి యుండెను. చీకటిపడిన తరువాత దీపము లేకపోయినను, ఒక బండిమీద ఇద్దరు పోయినను పోలీసువాడు ఆపెడివాడు. 28 అంగుళాల చక్రములు, ఇనుపకడ్డీల బ్రేకులు, చైనుకు నిండైన తొడుగు, వెనుక బియ్యపుబస్తాను మోయగల క్యారేజీ గల ఆ నల్లని పెద్ద బండి ఇంగ్లండున రూపొందినదే అయినను, 1949లో మద్రాసున టీఐ సైకిల్సు, 1951లో సోనీపట్టున అట్లాసు, 1956లో లూధియానాలో హీరో వెలసిన పిదప మన పల్లెపల్లెకును వచ్చి, మన ఇంటి వస్తువే అయిపోయెను. 1952లో రాజ్యసభకు ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్యగారు ఢిల్లీలో పార్లమెంటుకును, తరువాత హైదరాబాదులో శాసనసభకును సైకిలుమీదనే పోయెడివారని తెలుగువారు నేటికిని గౌరవముతో చెప్పుకొందురు. ఆయన బండి ఆయన జీవితమునకు సరిగా తగినంతయే ఉండెను. దానికంటె హెచ్చు లేదు, తక్కువయు లేదు.

పిమ్మట మోటారు వాహనముల కాలము వచ్చెను. సైకిలు తొక్కుట లేమికి గురుతని కుమారులు తలచిరి. తండ్రుల బండ్లు పెరటిగోడలకు ఆని తుప్పుపట్టినవి. ఇప్పుడా సైకిలే మరియొక ద్వారమున మరల ఇంటిలో అడుగుపెట్టినది. వైద్యుడు వ్యాయామము చేయుమన్నందుననో, పిల్లలు దూరదేశములకు పోయి పొద్దు మిగిలినందుననో, ఏదియు లేక తొక్కవలెనను ముచ్చట చేతనో, జనులు దుకాణముల మెట్లెక్కుచున్నారు. ఎక్కినవారికి ఎదురగుచున్నవి మాత్రము కొండదారులకొరకు కల్పింపబడిన బండ్ల అనుకరణములు: లావుపాటి టైర్లు, ముందు స్ప్రింగుల ఫోర్కు, డిస్కు బ్రేకులు, 21 గేర్లు. మడ్‌గార్డు ఉండదు, స్టాండు ఉండదు, క్యారేజీ ఉండదు. కొనువాడు ఏమి చేయదలచినాడో ఆ పనికి కావలసినవన్నియు తీసివేసి, అతడెన్నడును చేయనిపనికి కావలసినవన్నియు చేర్చినట్లుండును.

సైకిలునకు సుఖము ఎక్కడినుండి వచ్చినదో దాని చరిత్రనే అడుగవలెను. పందొమ్మిదవ శతాబ్దమున 1870 ప్రాంతమున తొక్కినవి ముందుచక్రము మనిషి గుండెలయెత్తు, వెనుకచక్రము చిన్నది గల బండ్లు. వానిమీదినుండి పడిన వాడు తలక్రిందుగనే పడెడివాడు గనుక సాహసికులైన యువకులకుదక్క మరియెవ్వరికిని అవి పనికిరాకుండెను. 1885లో ఇంగ్లండునందలి కావెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములను ఇంచుమించు సమానముగా తగ్గించి, వెనుకచక్రమును చైనుతో త్రిప్పెడి రోవరు సైకిలును నిర్మించెను; ఎక్కినవాని కాళ్ళు నేలకు అందినవి, భయము తొలగినది. అయినను గట్టిరబ్బరు చక్రములు రాళ్ళు పరచిన వీథులమీద ఎముకలను కదిలించుచునే ఉండెను. బెల్‌ఫాస్టున పశువైద్యుడుగా నున్న జాన్ బాయ్డ్ డన్‌లప్ తన చిన్నకొడుకు మూడుచక్రాల బండి కుదుపులు మాన్పవలెనని రబ్బరుగొట్టమున గాలినింపి చక్రమునకు చుట్టెను. 1888లో దానికి పేటెంటు పొందెను. నేల అందుట యొకటి, చక్రమున గాలి యుండుట మరియొకటి: సైకిలు సుఖము ఈ రెండింటితోనే పుట్టినది. నూటముప్పది ఏండ్లు గడచినను ఈ రెండింటికి మించిన సుఖసాధనమును ఎవ్వరును కనిపెట్టలేదు. ఈ రెండును మిక్కిలి చవకబండిలో సయితము లభించును.

గతసంవత్సరము మా అక్కయ్యకు సైకిలు కొనవలసివచ్చినప్పుడు ఈ సంగతి నాకు ప్రత్యక్షముగా బోధపడెను. ఆమె కోనసీమలో ఉపాధ్యాయినిగా పనిచేసి విరమించినది. చిన్ననాడు కాలువగట్టు వెంబడి బడికి సైకిలుమీద పోయినదే. పెండ్లియు, సంసారమును, బస్సు ప్రయాణములును వచ్చి ఆ యలవాటును మూలకు నెట్టినవి. "పెద్దవేమీ వద్దురా తమ్ముడూ. గుడిదాకా, సంతదాకా నడుం పట్టెయ్యకుండా పోయొచ్చే బండి చాలు నాకు," అన్నది. అమలాపురమున ఒక సైకిలు షాపునకు పోతిమి. ముందువరుసలో మెరయుచు నిలిచిన స్ప్రింగుల బండిని ఆమె పట్టుకొనెను. ఎక్కి కూర్చున్నప్పుడు మునివ్రేళ్ళు మాత్రము నేలకు ఆనినవి, హ్యాండిలు అందుకొనుటకు వీపు విల్లువలె వంగినది. వెనుక కూర్చుండి ట్యూబు అతుకుచున్న ముదుసలి మేస్త్రీ లేచివచ్చి, "అమ్మగారూ, దాన్లో సగం సామాను మీకు పన్జెయ్యదండి. చెడిపోతే మాత్రం బాగుచేయించుకోవాలండి," అని, లోపలినుండి వేరొక బండిని తెచ్చి నిలిపెను.

అది 26 అంగుళాల చక్రములు గల ఇనుప బండి. సీటునకును హ్యాండిలునకును నడుమ అడ్డకడ్డీ లేక, క్రిందికి వాలిన వంపుగొట్టము మాత్రముండెను. లేడీస్ సైకిలని మనవారు పిలుచునది అదియే. హ్యాండిలు పైకిలేచి తొక్కువాని వైపునకు వంగియుండెను. మేస్త్రీ ముందుచక్రమును పైకెత్తి చేతితో ఒక్క త్రిప్పు త్రిప్పి, బ్రేకు రబ్బరు ప్రక్కన తన బొటనవ్రేలి గోటిని రిమ్ముకు వెండ్రుకవాసి దూరమున ఆన్చి పట్టుకొనెను. తిరుగుచున్న రిమ్ము ఒక్కచోట గోటిని తాకి చిన్న చప్పుడు చేసెను. అచ్చటి చువ్వలను రెండింటిని చిన్నపానాతో అర్ధచుట్టు బిగించి మరల త్రిప్పగా చప్పుడు ఆగిపోయెను. ఆ తరువాత అక్కయ్యను ఎక్కించి, బండిని తాను పట్టుకొని, "మడమ పెడలు మీద పెట్టి కిందికి తొక్కండమ్మా. కాలు నిటారుగా సాగాలండి," అనెను. సాగలేదు. సీటును రెండంగుళములు పైకి లేపి బిగించి మరల తొక్కించెను. "ఇప్పుడు ముందుపాదంతో తొక్కండి. మోకాలు కొంచెమే వంగుద్ది. అంతే ఉండాలండి. సీటు మరీ దించేసుకుంటే మోకాళ్ళు పోతాయండి." మెత్తని దూది సీటు వేయించుమని నేను అడుగగా అతడు తల అడ్డముగా ఆడించెను: "మెత్తగా ఉంటే సుఖమనుకుంటారండి అందరూ. పావుగంట తొక్కితే తెలిసిపోద్దండి."

అతని మాటలో శరీరశాస్త్రము ఉన్నది. నిటారుగా కూర్చున్నవాని బరువు చాలవరకు సీటుమీదనే పడును. వంగినవాని బరువులో కొంత చేతులు పంచుకొనును. కావుననే నిటారు బండికి వెడల్పుసీటును, వంగితొక్కు బండికి సన్ననిసీటును తగియుండును. మన మొండెము బరువును మోయవలసినది పిరుదులక్రింది రెండెముకలు; అవి ఆనుటకు గట్టి ఆధారము కావలెను. మితిమీరిన మెత్తదనమున ఆ ఎముకలు దిగబడి, చుట్టునున్న మెత్తనికండ మీదికి ఒత్తిడి పోయి, తిమ్మిరి పుట్టును. ఒక మోస్తరు గట్టిదనము, చాలినంత వెడల్పు, సమతలముగా బిగించుట: సీటునకు ఇవియే లక్షణములు. అక్కయ్య కాలువరోడ్డు వెంబడి వంతెనదాక పోయి, తిరిగివచ్చి, దిగకుండగనే కాలు నేల నాన్చి, "మెడ తిప్పి వెనక్కి చూడగలిగానురా!" అన్నది. బండి తూలకుండ వెనుకకు చూడగలుగుట రక్షణయు, సుఖమును గూడ. వీపు వంచుకొని రోడ్డునే చూచుచు పోవలసినవానికి ఆ కాలువ యెందులకు, ఆ కొబ్బరితోట లెందులకు?

పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమున నుండిన క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతము చేసి, దానికొరకు ప్రత్యేకముగా ఒక గ్రంథమును రచించెను. తగినచోట నున్న అలంకారమే అలంకారము. తగనిచోట నున్నది నగుబాటు అని అతని అభిప్రాయము. యంత్రములను గూర్చి ఆలోచించినకొలది ఈ సిద్ధాంతమే నాకు మార్గదర్శకముగా తోచుచున్నది. స్ప్రింగుల ఫోర్కు రాళ్ళకొండలు దిగువానికి ప్రాణరక్షకము. కాని మంచి ఫోర్కు మిక్కిలి ఖరీదైనది గనుక, చవకబండిలో పెట్టునది బరువైన ఇనుప స్ప్రింగు మాత్రమే. అది ప్రతి తొక్కునకును క్రిందికి మీదికి ఊగుచు కాలిశ్రమలో కొంత మ్రింగివేయును. ఒకటిన్నర, రెండంగుళముల వెడల్పు టైరులో సరియైన గాలి యున్నయెడల ఊరి రోడ్ల కుదుపునకు అదియే చాలును. డిస్కు బ్రేకు వానలోను, బురదలోను మేలైనదే. కాని తక్కువ ధరలో వచ్చు డిస్కుకంటె రిమ్మును రెండువైపుల పట్టెడి వీ-బ్రేకు తేలికయైనది, నమ్మదగినది, ఏ వీథి చివరి మేస్త్రీయైనను బాగుచేయగలిగినది. వీనిని నేను నిందించుట లేదు. తగినచోట నుండవలెనని మాత్రమే కోరుచున్నాను.

గేర్ల విషయమున నేలను చూచి నిర్ణయింపవలెను. గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమ చదునైన నేల. అక్కడ వంతెనల మీదితప్ప ఎత్తు కనబడదు. ముందు పళ్ళచక్రమునకు 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలునకు 18 పళ్ళు గల మామూలు 26 అంగుళాల బండి, పెడలు ఒక్కచుట్టు తిరుగునప్పటికి ఇంచుమించు 5 మీటర్లు సాగును. నిమిషమునకు 50 చుట్లు తీరికగా తొక్కినను గంటకు 15 కిలోమీటర్ల వేగము వచ్చును. ఆ నేలమీద ఆ మనిషికి అంతకంటె గేర్లతో పని లేదు. విశాఖపట్టణమున వాల్తేరు ఎత్తులమీద కాపురమున్నవానికి, హైదరాబాదులో బంజారాహిల్సు నుండి పాలకోసము దిగి ఎక్కవలసినవానికి గేర్లు విలాసము గావు. వెనుక ఏడుగేర్లున్న బండి అతని మోకాళ్ళను కాపాడును. ముందు మూడు, వెనుక ఏడు కలసిన 21 గేర్లలో అనేకము ఒకదానితో ఒకటి సమానమైనవే. ముందుచక్రము ఒక్కటి, వెనుక ఏడు అను అమరిక తీరికగా తొక్కువానికి సరళమైనది, చెడుటయు తక్కువ. ఒకే ఇంటిలోని అన్నదమ్ములలో అమలాపురమున నున్నవానికి తగినది సింహాచలము క్రింద నున్నవానికి తగకపోవచ్చును.

నిటారుగా కూర్చుండిన గాలి అడ్డుపడును గదా యని యువకులు ఆక్షేపింతురు. నిజమే, కాని ఎంత వేగమున? గాలి ఎదురును జయించుటకు కావలసిన శక్తి వేగము రెట్టింపైనప్పుడు ఎనిమిది రెట్లగును. గంటకు 40 కిలోమీటర్లు పోవువాడు వంగకతప్పదు. 12, 15 కిలోమీటర్లు పోవువానికి గాలి ఎదిరి కాదు, నేస్తము. నెమ్మదిగా పోదలచినవాడు వేగముగా పోవువాని భంగిమను అరువు తెచ్చుకొని నడుమునొప్పి కొనితెచ్చుకొనుట ఎందులకు?

ఇక వెల. గేర్లు లేని మంచి బండి నేడు మన ఊళ్ళలో 5,000 రూపాయలకు పైన, 10,000కు లోపల దొరకుచున్నది. ఏడుగేర్లది 10,000 మొదలుకొని ఇరవైవేల దాక పోవును. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి సైకిళ్ళమీది జీఎస్టీ 12 శాతమునుండి 5 శాతమునకు తగ్గుట సామాన్యునికి కొంత ఊరట. కాని బిళ్ళమీది వెల చూచి సంచిలోని పైకమంతయు అక్కడనే ఖర్చుపెట్టరాదు. తాళము, బెల్లు, వెనుక ఎర్రదీపము, ముందు తెల్లదీపము, హెల్మెట్టు, చేతిపంపు, బండితో రానియెడల మడ్‌గార్డులు, స్టాండు, క్యారేజీ: వీనికొరకు కొంత వేరుగా తీసి పెట్టుకొనవలెను. టైరు కొలత మన ఊరి అంగడిలో దొరకునదై యుండవలెను. ఎంత సొగసైన బండియైనను దాని ట్యూబు కొరకు పట్టణమునకు పోవలసివచ్చిన అది మూలబడుట నిశ్చయము. పెట్టెలో వచ్చిన బండిని ఇంటివద్ద మనమే బిగించుకొనుటకంటె, చక్రపు వంపును గోటితో పట్టగలిగిన మేస్త్రీ చేతిలో బిగింపబడిన బండికి నూరో రెండునూర్లో ఎక్కువ ఇచ్చుట మేలు.

కొన్న తరువాత అది అడుగునది స్వల్పము. వారమునకో పదిదినములకో ఒకసారి, టైరు ప్రక్కన అచ్చువేసిన కొలత మీరకుండ గాలి కొట్టుట. చైనునకు రెండు చుక్కల నూనె వేసి, పైని జిడ్డును గుడ్డతో తుడుచుట. వానలో తడిసినప్పుడు ఆరబెట్టుట. అరిగిన బ్రేకు రబ్బర్లను సకాలమున మార్పించుట. ఇంతమాత్రము చేసినయెడల ఇనుప బండి తరమునకు సరిపోవును. పెట్రోలు కోరదు, బీమా కోరదు, నిలుపుటకు వాకిట మూరెడు చోటు చాలును. చిన్నవయస్సును గూడ కోరదు. 1895లో, ముద్దుల చిన్నకుమారుని పోగొట్టుకొన్న కొలదికాలమునకే, ముసలితనమున అడుగిడిన రష్యా రచయిత టాల్‌స్టాయి మాస్కోలో సైకిలు నేర్చుకొనెను. మనుష్యునికి దుఃఖమునుండియు, సోమరితనమునుండియు, నాలుగుగోడల నడుమనుండియు బయటకు పోవుటకు ఏదో ఒక చిన్నద్వారము కావలెను. వయస్సు మీరినవాడు ఆ ద్వారమును తెరచుకొనుటకు సిగ్గుపడవలసిన పనిలేదు. అడ్డకడ్డీ లేని బండి స్త్రీలదని పురుషులు సంకోచించుటయు మానవలెను. తుంటికీలు బిగిసినవారికి, పంచె కట్టినవారికి, క్యారేజీమీద సంచి కట్టుకొని దిగవలసినవారికి అంతకంటె మర్యాదయైన బండి లేదు.

దేహమునకు తగిన బండి దొరకినను దారి తగినది గాకపోయిన ఆ సుఖము సగమే. హైదరాబాదున ఔటర్ రింగురోడ్డు ప్రక్కన సౌరఫలకముల నీడలో 23 కిలోమీటర్ల సైకిలుబాటను 2023 అక్టోబరులో తెరచిరి. విశాఖపట్టణమున తెల్లవారు వేళ సముద్రతీరపు రోడ్డుమీద మోటారు వాహనములను ఆపివేసి, నడచువారికిని తొక్కువారికిని విడిచిపెట్టుచున్నారు. ఇవి మెచ్చదగిన పనులు. కాని సంతకు పోవు వృద్ధురాలికి, బడికి పోవు బాలికకు కావలసినది ఊరి నడిబొడ్డున, తన ఇంటినుండి తన పనిచోటిదాక, లారీలు మీదికి రాని రెండుమూరల అంచు. కాలువగట్లను చదునుచేసి, ఊళ్ళలో రోడ్డంచున ఆ కొద్దిపాటి చోటును మిగిల్చిన పంచాయతీలును, పురపాలకసంఘములును ఏ గొప్ప కట్టడమువలనను రాని మేలును ప్రజలకు చేసినవగును. పాలకులు ఈ విన్నపమును మన్నింతురుగాక.

చదువరులకు నేను చెప్పునది ఒక్కటే. సైకిలు కొనదలచినప్పుడు మెరుపును చూడకుడు, గేర్ల లెక్కను చూడకుడు, పొరుగువాడు ఏమి కొన్నాడో అసలే చూడకుడు. మీరు రోజును పోవలసిన దారిని తలచుకొని, మీ మోకాలిని, మీ నడుమును అడిగి, సీటు కొలతకు బిగింపించుకొని, అంగడి ముందర ఒక ఫర్లాంగైనను తొక్కి చూడుడు. ఆపినప్పుడు పాదము తడబడక నేలకు అందవలెను. పోవునప్పుడు తల యెత్తి ఇరుప్రక్కల చూడగలుగవలెను. దిగిన తరువాత అరచేతులు తిమ్మిరెక్కి యుండరాదు. ఈ మూడును కుదిరిన బండి ఎంత తక్కువ వెలదైనను కొనుడు. కుదరని బండిని ఊరక ఇచ్చినను పుచ్చుకొనకుడు.